కెమెరా కన్ను ఎటు చూడాలి?

ఒక ఊళ్లో పెళ్లి జరిగింది. తలంబ్రాలు అయ్యాయి. భోజనాలు అయ్యాయి. అప్పగింతల వేళ అయింది.

పాల పళ్లెం ముందు పెట్టారు. పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి, అత్తగారి చేతుల్లో పెట్టారు. ఆ వెనకాల పందిరి గుంజ దగ్గర పిల్ల తండ్రి నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

వీడియో తీసే కుర్రాడు అది గమనించాడు. ముందు చేతులు చూపించాలి, తరువాత తండ్రి ముఖం చూపించాలి అనుకున్నాడు. మంచి ఆలోచనే. కానీ ఏం జరిగింది?

నెల రోజుల తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుని వీడియో చూశారు. పాలలో చేతులు బాగానే కనబడ్డాయి. ఆ తరువాత బొమ్మంతా మసకయింది. ఒకసారి తేట పడింది. మళ్లీ మసకయింది. చివరికి సరయ్యేసరికి తండ్రి తువ్వాలుతో ముఖం తుడుచుకుని అటు తిరిగిపోయాడు. వీపు మాత్రమే కనబడింది.

అప్పగింతలు మళ్లీ చేయించలేం కదా! మరి ఈ తప్పు ఎలా జరిగింది? జరగకుండా ఏం చేయాలి?

ముందు మన కన్ను సంగతి చూద్దాం

చూపుడు వేలు ముఖానికి జానెడు దూరంలో పెట్టుకోండి. వేలినే చూడండి. వెనక ఉన్న చెట్టు మసకగా ఉంటుంది. ఇప్పుడు చెట్టును చూడండి. వేలు మసకయిపోతుంది. దగ్గరిదీ దూరానిదీ రెండూ ఒకేసారి తేటగా కనబడవు.

మన కంట్లో ఒక చిన్న కటకం ఉంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు అది లావవుతుంది. దూరం చూసేటప్పుడు పలచనవుతుంది. ఈ పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది.

కెమెరాలోనూ కటకాలు ఉంటాయి. వాటినే లెన్సు అంటారు. అవి గాజువి. లావెక్కవు, సన్నబడవు. అందుకే కెమెరా ఒక కటకాన్ని ముందుకో వెనక్కో జరుపుతుంది. ఒక వస్తువు తేటగా కనబడేలా చేయడాన్ని ఫోకస్ చేయడం అంటారు.

కెమెరా ఎందుకు తడబడింది?

చాలా కెమెరాలు తమంతట తామే ఫోకస్ చేసుకుంటాయి. దీన్ని ఆటో ఫోకస్ అంటారు. కానీ కెమెరాకు పెళ్లి గురించి ఏం తెలుసు? ఏది ముఖ్యమో దానికి తెలియదు. చాలా వీడియో కెమెరాలు కటకాన్ని ముందుకీ వెనక్కీ జరిపి, అంచులు ఎక్కడ స్పష్టంగా కనబడతాయో వెతుకుతాయి. ఆ వెతుకులాటే మనకు మసకగా కనబడుతుంది.

పోనీ, చేత్తో తిప్పితే? లెన్సు చుట్టూ ఒక రింగు ఉంటుంది. అది తిప్పి ఫోకస్ మార్చవచ్చు. కానీ సరైన చోట ఆపడం కష్టం. కొంచెం ఎక్కువ తిప్పితే మసక. మళ్లీ వెనక్కి తిప్పాలి. ఆ తడబాటంతా వీడియోలో పడుతుంది.

సినిమా వాళ్లు ఈ పనికి ప్రత్యేకంగా ఒక మనిషినే పెట్టుకుంటారు. ఆయన్ను ఫోకస్ పుల్లర్ అంటారు. నటుడు ఎంత దూరంలో నిలబడతాడో ఆయన టేపుతో కొలుస్తాడు. రింగు మీద గుర్తు పెట్టుకుంటాడు. పెళ్లి వీడియోకు అంత మందిని తేలేం. పైగా చాలా వీడియో కెమెరాల్లో రింగు ఆగకుండా చుట్టూ తిరిగిపోతుంది. దాని మీద గీసిన గుర్తు నిలవదు.

గుర్తు పెట్టుకునే కెమెరా

అందుకే కొన్ని కెమెరాల్లో ఒక సదుపాయం పెట్టారు. 2004లో సోనీ కంపెనీ ఎఫ్ఎక్స్1 అనే వీడియో కెమెరా తెచ్చింది. అందులో ఎ, బి అని రెండు బటన్లు ఉన్నాయి. ఒక్కొక్క బటన్‌లో ఒక్కొక్క ఫోకస్‌ను దాచుకోవచ్చు. ఆ తరువాత వేరే కంపెనీలు కూడా కొన్ని కెమెరాల్లో ఇలాంటివి పెట్టాయి. బటన్ల పేర్లు వేరుగా ఉండవచ్చు. పద్ధతి మాత్రం దాదాపు ఒకటే.

1. కెమెరాను స్టాండు మీద గట్టిగా నిలబెట్టాలి. ఆటో ఫోకస్ ఆపేయాలి.

2. పాల పళ్లెం మీద ఫోకస్ చేయాలి. బాగా దగ్గరికి జూమ్ చేసి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. తరువాత జూమ్‌ను కావలసిన చోటికి తేవాలి. ఎ బటన్‌లో దాచాలి.

3. పందిరి గుంజ మీద ఫోకస్ చేయాలి. బి బటన్‌లో దాచాలి. ఈ కెమెరా ఫోకస్‌తో పాటు జూమ్‌ను, వెలుతురును కూడా గుర్తు పెట్టుకుంటుంది. కాబట్టి రెండుసార్లూ అవి ఒకేలా ఉండాలి.

4. రెండూ సరిగా ఉన్నాయో లేదో ఒకసారి నొక్కి చూసుకోవాలి.

5. సమయం వచ్చినప్పుడు బి నొక్కాలి. చేతుల మీద నుంచి ముఖం మీదికి చూపు మెల్లగా వెళుతుంది. తడబాటు ఉండదు.

ఈ మార్పు ఎన్ని సెకన్లలో జరగాలో కూడా ముందే చెప్పవచ్చు. మెల్లగా మొదలై మెల్లగా ఆగేలా కూడా పెట్టవచ్చు. మనం తల తిప్పి చూసినట్టే సహజంగా ఉంటుంది.

ఇవి మరచిపోకూడదు

కెమెరా గుర్తు పెట్టుకునేది తండ్రిని కాదు. దూరాన్ని. పళ్లెం ఆరు అడుగుల దూరం, గుంజ పదిహేను అడుగుల దూరం అనుకోండి. ఆ రెండు దూరాలే దానికి తెలుసు. తండ్రి నాలుగు అడుగులు ముందుకు వస్తే ఆయన మసకయిపోతాడు. కెమెరాను జరిపినా అంతే. మళ్లీ మొదటి నుంచి గుర్తు పెట్టాలి.

ఇంకో సంగతి. జూమ్ లేకుండా వెడల్పుగా తీస్తే ముందువీ వెనకవీ అన్నీ తేటగానే కనబడతాయి. ఫోకస్ మారినట్టే తెలియదు. కెమెరాను కొంచెం వెనక్కి పెట్టాలి. జూమ్‌తో దగ్గరికి లాగాలి. అప్పుడు తేడా కనబడుతుంది.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. అది కెమెరాతో చేసేది కాదు, నోటితో అడిగేది.

"అమ్మా, అప్పగింతలు ఎక్కడ పెడతారు?"

"ఇక్కడే బాబూ, పందిట్లోనే. ఎందుకూ?"

"అయ్యగారు ఎక్కడ నిలబడతారు?"

"ఆయన ముందుకు రారు. చూడలేరు. ఆ గుంజ పట్టుకుని నిలబడతారు."

ఈ రెండు మాటలు అడిగి ఉంటే ఆ కుర్రాడికి పని తేలికయ్యేది. ఎ ఎక్కడో, బి ఎక్కడో ముందే తెలిసేది.

ఇది చదువుకున్న వాళ్ల పనేనా?

కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. ఆ సంస్థ సంఘాల్లోని మహిళలు 1990ల్లో వీడియో కెమెరా నేర్చుకున్నారు. వాళ్లలో చాలామంది పొలం పనులు చేసుకునే దళిత మహిళలు. బడికి వెళ్లని వాళ్లూ ఉన్నారు. తమ పంటల గురించి, విత్తనాల గురించి తామే సినిమాలు తీశారు. మనిషి కంటికి సమానంగా కెమెరా పెట్టి తీస్తే వాళ్లు దాన్ని 'సంఘం షాట్' అన్నారు. సంఘంలో అందరూ సమానమే కదా! కెమెరా పనికి వాళ్లు తమ మాటల్లోనే పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు ఫోన్‌తోనే వీడియో తీస్తున్నాం. చాలా ఫోన్లలో తెర మీద వేలితో తాకిన చోట ఫోకస్ అవుతుంది. ముందు పళ్లెం మీద తాకండి. తరువాత ముఖం మీద తాకండి. సాధనం మారింది. కానీ ముందు ఏది చూపాలి, తరువాత ఏది చూపాలి అన్నది మనమే నిర్ణయించాలి. అది ఏ యంత్రమూ మన బదులు చెప్పదు.

ఆ ఇంట్లో పిల్ల పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆ వీడియో పెట్టుకుంటుంది. పాల పళ్లెం దగ్గరికి రాగానే ముందుకు వంగి చూస్తుంది. ఆ రోజు తను తల వంచుకుని ఉంది. నాన్న ముఖం చూడలేదు. వీడియోలోనైనా చూద్దామంటే అక్కడా మసకే.

చేసి చూడండి

గడప దగ్గర ఒక చెంబు పెట్టండి. వాకిట్లో ఒక మనిషిని నిలబెట్టండి. ముందు చెంబు, తరువాత మనిషి తేటగా కనబడేలా వీడియో తీయండి. మనిషి ఎటు జరిగితే మసకయ్యాడో గమనించండి. మీ ఇంట్లో ఈసారి జరిగే వేడుకలో ఏ ముఖం తప్పక కనబడాలో ముందే అందరూ కూర్చుని మాట్లాడుకోండి.