ఫోటోలో దాగిన చిరునామా

బాలలూ! పండుగనాడు కొత్తబట్టలు కట్టుకుని, వాకిట్లో నిలబడి, సెల్‌ఫోనుతో ఫోటో తీయించుకుంటారు గదా. ఆ ఫోటోలో మీ బొమ్మతోబాటు కంటికి కనబడని అంకెలు కొన్ని దాగివుంటాయని మీకు తెలుసునా?

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జి.పి.ఎస్. ఉపగ్రహాలు తిరుగుతూ, ఎడతెగకుండా రేడియో సంకేతాలు పంపుతూ వుంటాయి. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే చాలు, ఫోను తానున్న చోటు లెక్క కట్టుకుంటుంది. కెమేరాకు అనుమతి ఇచ్చివుంటే ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఫోటోలోనే రాసిపెడుతుంది. భూగోళం పాఠంలో చదివారు గదా, ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తరువాత నాలుగవ స్థానం అంటే 11 మీటర్లే! అనగా, మీ ఇంటి గుమ్మం దాకా దారి దొరికినట్టే.

జాన్ మెకాఫీ అనే ఆయన కంప్యూటరు వైరస్‌లను పట్టే ప్రోగ్రాములు తయారుచేసి పేరు పొందాడు. 2012లో బెలీజ్ దేశపు పోలీసులు ఒక కేసులో ప్రశ్నించాలని వెతుకుతూ వుంటే, ఆయన తప్పించుకు తిరుగుతున్నాడు. డిసెంబరులో ఒక పత్రిక ఆయన ఫోటోను ఇంటర్నెట్‌లో వేసింది. దానిలో దాగిన అంకెలను చదివినవారు, ఆయన గ్వాటెమాలాలో వున్నాడని ఇట్టే కనిపెట్టారు. అంతటి నిపుణుడి చోటే బయటపడితే, ఇక మన సంగతి చెప్పాలా?

"మేము దొంగలమా, దాక్కోవటానికి?" అంటారేమో. రాత్రి తలుపు గడియ వేసుకునేవారంతా దొంగలా? గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు.

కనుక పెద్దలతో కూర్చుని, ఫోను సెట్టింగులలో కెమేరాకు లొకేషన్ అనుమతి తీసివేయించండి. బడి బాడ్జి, ఇంటి నంబరు, బండి నంబరు కనబడే ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టకండి. స్నేహితుల ఫోటో అయితే ముందు వాళ్లను అడగండి.

ఎవరైనా మీ ఫోటో చూపి బెదిరిస్తే, తప్పు వాడిది, మీది కాదు. వాడు అడిగినది ఇవ్వకండి. ఆ సందేశాలను చెరిపివేయక, వెంటనే అమ్మకో నాన్నకో చూపించండి. పిల్లలకు సాయపడే 1098కి గాని, సైబరు నేరాల కోసం 1930కి గాని ఫోను చేయవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి: అలాంటప్పుడు పిల్లలను కోప్పడకండి. తిడతారన్న భయం వుంటే వాళ్లు చెప్పరు. బెదిరించేవాడికి కావలసినది కూడా అదే.