బైసికిలు టైరు ఏల ప్రేలును?

ఆడపిల్లలు బైసికిలెక్కి బడికి పోవుట నేడు మన యిండ్లలో వింత గాదు. పిల్ల తిరిగి వచ్చు వఱకు తల్లి చూపు వీధి గుమ్మము మీదనే యుండును. అట్టి తల్లులు బండి టైరును గూర్చి కొంత యెఱిగియుండుట మేలని మా యభిప్రాయము.

గడచిన వేసవిలో మా వాకిట నిలిపియున్న బైసికిలు ముందు టైరు టపాకాయవలె ప్రేలినది. ముందునాటి సాయంకాలమే దుకాణమున క్రొత్త ట్యూబు వేయించితిమి. "ఎండకు పేలిందమ్మగారూ" యని దుకాణదారుడనగా మేమును నమ్మితిమి. పిల్ల యెక్కియున్నప్పుడే ప్రేలియున్నచో హేండిలు స్వాధీనము తప్పి పడియుండెడిదిగదా యని తలచి, కారణము విచారించితిమి.

తప్పు ఎండది గాదు. లోని గాలి 25 డిగ్రీల నుండి 50 డిగ్రీలకు వేడెక్కినను, 50 పౌనుల ఒత్తిడి సుమారు 55 పౌనులగును, అంతియే. మంచి టైరు దానిని సులభముగా నోర్చును. ట్యూబు టైరులోపల నణగియున్నంతవఱకు చిల్లుపడినను గాలి బుస్సుమని పోవునే కాని ప్రేలదు. ప్రేలినదనిన, టైరు చినిగియైన నుండవలెను, లేక దాని యంచు రిమ్మును విడిచి లేవగా ట్యూబు ఆ సందున వెలికి నుబికియైన నుండవలెను. మా టైరు చినుగలేదు; ట్యూబునకు మాత్రము జానెడు చీలిక యున్నది.

1888లో బెల్ఫాస్టు నగరమున డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి టైరు నమర్చెను. 1890లో వెల్చ్ అను నాతడు టైరు అంచులలో సాగని తీగె నిమిడ్చి, దానికి తగిన రిమ్మును కల్పించెను. నేటికిని సామాన్యపు టైరును రిమ్మునందు పట్టియుంచునది అట్టి సాగని యంచే. అది తన చోట కూర్చుండకున్న ప్రమాదము తప్పదు.

కావున మొదట కొలత చూడవలెను. టైరు ప్రక్కను 37-622 వంటి అంకెలుండును. మొదటిది వెడల్పు, రెండవది అంచు కూర్చుండు చోటి వ్యాసము, మిల్లీమీటరులలో. 28 అంగుళములని పిలువబడు టైరులలోనే 622 కొలతవియు, 635 కొలతవియు కలవు. పెద్దదానిని చిన్న రిమ్మునకు వేసిన వదులై యూడివచ్చును.

రిమ్ములోపల చువ్వల మొనలను పట్టీ పూర్తిగా కప్పియుండవలెను. ట్యూబునకు గుండ్రదనము వచ్చునంత గాలి పట్టించి, ముడుతలు లేకుండ లోన నమర్చవలెను. టైరు అంచును వాల్వు కెదుటి వైపున మొదలిడి వాల్వు నొద్ద ముగింపవలెను. చివరి భాగమును బొటనవ్రేళ్లతోనే త్రోయవలెను. ఇనుపబద్దతో త్రోసిన ట్యూబు నలుగును. పిమ్మట వాల్వును ఒకమాఱు లోనికి నొక్కి, టైరును ఇరుప్రక్కల నొత్తి చూచుచు ట్యూబు ఎచ్చటను అంచు క్రింద చిక్కలేదని తెలిసికొనవలెను.

కొంత గాలి కొట్టి చక్రమును త్రిప్పుడు. రిమ్మునకు చేరువను టైరుపై నున్న సన్నని గీత చుట్టును సమదూరమున కనబడవలెను. ఒకచో మునిగియు ఒకచో తేలియు నున్న గాలి తీసి, చేతితో సరిచేసి, తరువాతనే టైరుపై వ్రాసిన ఒత్తిడికి మించకుండ నింపవలెను.

సోదరీమణులారా! దుకాణమున ట్యూబు వేయించి తెచ్చిన ప్రతిమాఱును చక్రమును త్రిప్పి ఆ గీతను చూచుట మాత్రము మఱువకుడు. అన్నము వార్చునంతటి సేపు పట్టని పని యది.