లెక్కకు రాని గాలి

పల్నాడులో పిడుగురాళ్ల పేరెత్తితే సున్నం బట్టీలే గుర్తొస్తాయి. సున్నపురాయికి 900 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి తగిలితే అందులో ఏదో జరుగుతుంది కానీ, చూసేవాళ్లకు మాత్రం పెద్ద తేడా కనిపించదు. రాయి రాయిలాగే ఉంటుంది. ఎత్తి చూస్తే మాత్రం తేలిపోతుంది. వంద కిలోల స్వచ్ఛమైన రాయి వేస్తే తిరిగొచ్చే పొడిసున్నం 56 కిలోలే. మిగతా 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా మారి గాలిలో కలిసిపోయాయి.

ఇలాంటి రసాయన మార్పులో పాల్గొన్న పదార్థాలు క్రియాజనకాలు, కొత్తగా పుట్టినవి క్రియాజన్యాలు. ఎనిమిదో తరగతి పిల్లలకూ తెలిసిన సంగతే. తీరా రాయమంటే చాలామంది కంటికి కనిపించినవే రాసి, వాయువును వదిలేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. తూకం తగ్గడానికి కారణం రాయిలో చిక్కుకున్న గాలేనని స్కాట్లాండ్‌లో పనిచేసిన జోసెఫ్ బ్లాక్ తూచి మరీ చూపించేసరికి 1756 వచ్చింది. మనం వదిలే ఊపిరిలోనూ అదే వాయువుందని ఆయన సున్నపు తేటతో పట్టుకున్నాడు. తాంబూలం సున్నం కాస్త నీళ్లలో కలిపి, తేరుకున్నాక పైతేటను గ్లాసులో వంచి, పుల్లగొట్టంతో ఊదితే చాలు. చూస్తుండగానే తేట పాలనీళ్లలా తెల్లబడుతుంది. ఆ తెలుపు మళ్లీ సున్నపురాయి పదార్థమే.

ఇక పొడిసున్నం గడ్డల మీద నీళ్లు పోస్తే తొట్టి కుతకుతలాడుతుంది. పొయ్యి లేదు, మంట లేదు. గడ్డలు బీటలు వారి, ఉబ్బి, పిండిలా విచ్చుకుంటాయి. 56 కిలోల పొడిసున్నం 18 కిలోల నీళ్లు పీల్చుకుని 74 కిలోల తడిసున్నం అవుతుంది. వెల్ల పలచబడాలని ఆపైన కలిపే నీళ్లు మాత్రం క్రియాజనకం కావు. గోడ మీద అవి ఆరిపోవడం కొత్త పదార్థం పుట్టని భౌతిక మార్పే. అసలు పని తర్వాత మొదలవుతుంది. సున్నం పూత చుట్టూ ఉన్న గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కుని, నీటిని వదిలేసి, రెండు మూడు రోజుల్లో గట్టిపడి మెరుపు తేలుతుంది. బట్టీలో పోయిన 44 కిలోలు గోడ మీద తిరిగొచ్చాయన్నమాట!

వంటగ్యాస్ సంగతి ఇంకా విడ్డూరం. సిలిండర్‌లో ద్రవంగా ఉన్న ఇంధనం వాయువై గొట్టంలోకి రావడం భౌతిక మార్పు. బర్నర్ దగ్గర మంట అంటుకున్నాకే రసాయన మార్పు. సిలిండర్ మీద 14.2 కిలోలని రాసి ఉంటుంది. అది ఖాళీ అయ్యేలోపు వంటింటి గాలిలోంచి సుమారు 51 కిలోల ఆక్సిజన్ ఖర్చవుతుంది. డబ్బు కట్టింది 14 కిలోలకే, పొయ్యి తిన్నది 65 కిలోలు! బదులుగా పుట్టేది సుమారు 43 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల పైచిలుకు నీటి ఆవిరి. కిటికీ తీసి వండమని పెద్దవాళ్లు చెప్పేది ఊరికే కాదు.

పూజగదిలో కర్పూరం రెండు వేషాలూ వేస్తుంది. డబ్బాలో ఉండగానే బిళ్ల అరిగిపోతుంటే అది ఆవిరై ఎగిరిపోయిన కర్పూరమే, ఎక్కడా కొత్త పదార్థం లేదు. హారతి పళ్లెంలో వెలిగిస్తే మాత్రం కర్పూరం, ఆక్సిజన్ క్రియాజనకాలు. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, పళ్లెం మీది మసి క్రియాజన్యాలు. చినగంజాం ఉప్పు మళ్లలో జరిగేదానికి ఇంత చర్చ అక్కర్లేదు. నీరు ఎండకు పోతుంది, ఉప్పు మిగులుతుంది, అంతే.

వెనక్కి మళ్లించగలిగితే భౌతికం, మళ్లించలేకపోతే రసాయనికం అని కొందరు గైడ్లలో బట్టీపట్టిన సూత్రం ఒకటుంది. దిష్టికి తిప్పే ఎర్రనీళ్ల దగ్గర ఆ సూత్రం చెల్లదు. పసుపులోని కర్కుమిన్ సున్నపు క్షారానికి తగిలి ఎర్రబడుతుంది. ఇది రసాయన మార్పే. అదే నీళ్లలో సరిపడా నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు తిరిగొస్తుంది. అటు తరిగిన వంకాయను అతికించడం ఎవరి తరమూ కాదు. అయినా ఆ తరగడం భౌతిక మార్పే. కోసిన ముక్క కాసేపటికి నల్లబడితే మాత్రం అక్కడ ఆక్సిజన్ చెయ్యి పడినట్టే. అందుకే వంకాయ ముక్కలను ఉప్పునీళ్లలో వేస్తారు.