నోటి మాట... ఫోను బాట!

మీ చేతి పూతరేకులు తిని "అబ్బ, నోట్లో వేసుకుంటే కరిగిపోతున్నాయండీ" అన్నవాళ్ళు ఎంతమంది? వాళ్ళలో డబ్బిచ్చి కొన్నవాళ్ళు ఎంతమంది? రెండో లెక్క చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉంది కదూ!

ఆత్రేయపురం సంగతి చూడండి. జయ బియ్యం నానబెట్టి, పాలలా పల్చగా రుబ్బి, బోర్లించిన కుండ కింద ఎండుకొబ్బరాకు మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే చాలు, రేకు వచ్చేస్తుంది. ఆ ఒక్క లాగుకి చెయ్యి తిరగాలంటే ఎన్నాళ్ళు పడుతుందో లాగినవాళ్ళకే తెలుసు! కానీ చుట్టాలింటికి పొట్లం పట్టుకెళ్ళినవాళ్ళూ, తిని "ఏ ఊరివండీ?" అని అడిగినవాళ్ళూ లేకపోతే ఆ పనితనం ఊరు దాటేదా? 2023లో ఆ రేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అన్నట్టు, మీరు మండపేటలోనో, తణుకులోనో చేస్తూ డబ్బా మీద "ఆత్రేయపురం" అని అచ్చు వేయించకండి. ఆ గుర్తింపు కింద నమోదైన తయారీదారులకే ఆ పేరు వాడుకునే హక్కు. మీ ఊరి పేరే వేసుకోండి, తప్పేముంది?

ఇప్పుడా పొట్లం మోసే పని సగం వాట్సాప్ చేస్తోంది. అందులో ఓ కిటుకుంది. ఒకేసారి పదిమందికి వార్త పంపడానికి బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టుకుంటాం కదా, ఒక్కో దాంట్లో 256 మంది దాకా పడతారు. కానీ మీ నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్ళకే ఆ వార్త చేరుతుంది. చాలామంది ఇది తెలియక "పంపాను, ఒక్కరూ పలకలేదు" అని దిగులుపడతారు. అందుకని మొదటి డబ్బా ఇచ్చేటప్పుడే "అక్కయ్యగారూ, నా నంబరు ఓసారి సేవ్ చేసుకోండి" అని నోరు తెరిచి అడగండి. ఇక స్టేటస్ అంటారా, 24 గంటల్లో మాయమవుతుంది. కాబట్టి పండగ ముందు రోజు పెట్టి లాభం లేదు. జనం ఏం కొందామా అని ఆలోచించే నాలుగైదు రోజుల ముందు నించీ పెట్టండి. సర్దిన డబ్బా ఫొటో కన్నా గుడ్డ లాగుతున్న మీ చెయ్యి చూపించండి. రేటు కూడా దాని కిందే రాసేయండి. నెయ్యీ బెల్లం వేసినవి ఎంత, పంచదారవి ఎంత అని. "ధర కోసం ఫోన్ చేయండి" అంటే సగం మంది చెయ్యరు. నేనూ చెయ్యను!

"వదినగారూ, ఓ పాతిక రేకులు పంపండి, మా వీధంతా చెబుతాను" అనేవాళ్ళు తప్పకుండా తగులుతారు. రెండు పంపండి. చెప్పే నోటికి రెండు చాలు. నేతికీ కట్టెలకీ ఊరికే ఎవరిస్తారు మీకు?

కిందటేడు నేనొకావిడ దగ్గర తెప్పించుకుంటే డబ్బాలో సగం పొడుం! కోపంతో ఫొటో తీసి మా అపార్టుమెంటు గ్రూపులో పెట్టబోయాను. ముందు ఆవిడకే పంపాను, అదృష్టం. గంటలో జవాబు: "తప్పు నాదేనమ్మా, డబ్బాలో ఖాళీ ఉంచేశాను. రేపు వేరేవి పంపుతాను, డబ్బులొద్దు." వచ్చాయి, ఒక్కటీ విరగలేదు. అదే గ్రూపులో ఆవిడ నంబరు పెట్టాను, ఆ వారమే మా అంతస్తులో ముగ్గురు తెప్పించుకున్నారు. ఆవిడ జవాబివ్వకుండా రెండు రోజులు ఊరుకుని ఉంటే? ఆ పొడుం ఫొటో ఎన్ని గ్రూపులు తిరిగేదో!

ఇంకో మాట. పెద్ద ఆర్డరిస్తామని, "డబ్బు పంపుతున్నాం, మీ పిన్ నొక్కండి" అంటారు కొందరు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఫోను పెట్టేయండి. డబ్బా మీద ఆహారభద్రత రిజిస్ట్రేషన్ నంబరు, తయారుచేసిన తేదీ ఉన్నాయో లేదో చూసుకుని, రేకుల మధ్య కాగితం మడిచి, ఖాళీ లేకుండా సర్ది, అప్పుడు కొరియరు కుర్రాణ్ణి పిలవండి.