లాగిన్ టోకెన్‌లో బైట్లు, అక్షరాలు

వెబ్‌సైట్‌లోకి ఒకసారి పాస్‌వర్డ్‌తో ప్రవేశించినవారిని ప్రతి పేజీలోనూ మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా ఉండేందుకు సర్వర్ ఒక టోకెన్ జారీ చేస్తుంది. బ్రౌజర్ దాన్ని ఆ తర్వాత పంపే ప్రతి అభ్యర్థనకూ జతచేస్తుంది. ఇటువంటి టోకెన్లలో బాగా వాడుకలో ఉన్న జెడబ్ల్యూటీకి 2015 మేలో ప్రమాణం వెలువడింది. పైథాన్ భాషలో దీనితో పనిచేసేవారికి తరచు ఎదురయ్యే దోషం, బైట్లు అందవలసిన చోట స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస, అందడం, లేదా అందుకు తలకిందులు కావడం.

కంప్యూటర్ నిల్వచేసేదీ పంపేదీ అక్షరాలను కాదు, 0 నుంచి 255 వరకు విలువ గల బైట్లను. ఏ అక్షరానికి ఏ బైట్లో నిర్ణయించే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. నేడు వెబ్ అంతటా వ్యాపించిన యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ పుట్టింది న్యూజెర్సీ రాష్ట్రంలో. 1992 సెప్టెంబరులో బెల్ ల్యాబ్స్‌కు చెందిన కెన్ థాంప్సన్ అక్కడి ఒక డైనర్‌లో, రాబ్ పైక్ చూస్తుండగా, భోజనపు బల్లపై పరిచిన కాగితం మీదే దాని నమూనా గీశారని పైక్ స్వయంగా రాశారు. ఈ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక్క బైటు చాలు; తెలుగులో మాత్రం కంటికి రెండక్షరాలుగా కనిపించే ‘సీత’ యూనికోడ్‌లో గుడిదీర్ఘంతో కలిపి మూడు సంకేతాలై, తొమ్మిది బైట్లు తీసుకుంటుంది. ఇంగ్లిష్‌తోనే సరిపెట్టుకునేవారికి అక్షరమూ బైటూ ఒకటేనన్న భ్రమ కలగడం సహజం. పైథాన్ పాత రూపం ఆ భ్రమను చాలాకాలం పోషించింది కూడా. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 రెండింటినీ ఖండితంగా వేరుచేసింది.

టోకెన్‌కు చుక్కలతో వేరైన మూడు భాగాలుంటాయి. శీర్షిక, వినియోగదారుడి వివరాలు, సంతకం అనే ఈ మూడింటినీ బేస్64 పద్ధతిలో, మూడేసి బైట్లను నాలుగేసి అక్షరాలుగా మార్చి రాస్తారు. సంతకాన్ని లెక్కించేది బైట్ల మీద, టోకెన్ ప్రయాణించేది అక్షరాల రూపంలో. అందువల్ల మార్పిడి తప్పదు, తికమకకు మూలమూ అదే.

పైజెడబ్ల్యూటీ అనే లైబ్రరీ మొదట్లో టోకెన్‌ను బైట్లుగా ఇచ్చేది కాబట్టి ప్రోగ్రామర్లు దానికి డీకోడ్ అన్న పిలుపును తగిలించి స్ట్రింగ్‌గా మార్చుకునేవారు. 2020 డిసెంబరులో వచ్చిన 2.0 రూపం నేరుగా స్ట్రింగ్‌నే ఇవ్వడంతో, స్ట్రింగ్‌కు డీకోడ్ అనే గుణమే లేదంటూ ఆ పాత పిలుపు కూలిపోయింది. ఎన్నో ప్రోగ్రాములను ఇబ్బందిపెట్టినా ఆ మార్పు సరైనదే. పరిష్కారం ఆ పిలుపును తీసివేయడం. అయితే సర్వర్‌లో ఇంకా పాత రూపమే ఉంటే, బైట్లను జేసన్‌లో రాయలేమన్న మరో దోషం అక్కడ తలెత్తుతుంది గనుక, అన్ని యంత్రాల్లోనూ లైబ్రరీ రూపం ఒక్కటే ఉండేలా ముందే కట్టడి చేయాలి.

బైట్లను స్ట్రింగ్ చేయడానికి డీకోడ్‌కు బదులు ‘ఎస్‌టీఆర్’ ప్రమేయాన్ని వాడటం ఇంతకంటే మోసకారి పొరపాటు. అది ఏ దోషమూ చూపకుండా, టోకెన్ ముందు ‘బీ’ అక్షరాన్నీ చుట్టూ కొటేషన్ గుర్తులనూ చేర్చి ఇస్తుంది. ఎంతో దూరాన మరో సర్వర్ దాన్ని చెల్లని టోకెన్‌గా తిరస్కరించినప్పుడు గానీ సంగతి బయటపడదు. లైబ్రరీ లేకుండా చేత్తో విప్పేవారికి ఇంకొక చిక్కుంది: జెడబ్ల్యూటీలో బేస్64 చివరి సమాన గుర్తులను వదిలేస్తారు కనుక, అక్షరాల సంఖ్య నాలుగుతో భాగింపబడే వరకు వాటిని మళ్లీ చేర్చాలి.

ఇవేవీ టోకెన్ నిజమైనదా కాదా అన్న ప్రశ్నకు సంబంధించినవి కావు. అయినా దోషం వదలని విసుగులో కొందరు సంతకం పరిశీలననే ఆపివేస్తారు. బేస్64 రహస్యలిపి కాదు, ఎవరైనా విప్పి, మార్చి, తిరిగి రాయగలది. పరిశీలన ఆగిన సర్వర్, టోకెన్‌లో తన పేరు చెరిపి మరొకరి పేరు రాసుకొచ్చినవారిని ఆ మరొకరిగానే లోపలికి అనుమతిస్తుంది.