పెరటి మొక్కలు, పెంపుడు కుక్కలు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ పేరు మీరు వినే ఉంటారు. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. అంతకు చాలా ముందు, బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలంలోనే ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. రైల్వే క్వార్టర్ల పెరట్లోకి వెళితే మనకు తెలిసిన మొక్కలే కనిపిస్తాయి. ప్రహరీ పక్కన గన్నేరు ఉంటుంది. ఇక్కడివారు దాన్ని ‘కనేర్’ అంటారు. పూజకు పూలు కావాలంటే అందరి చేయీ దానివైపే వెళుతుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆవులు, మేకలు వీధుల్లో తిరిగే ఊళ్లో గన్నేరు మాత్రం అంత ఏపుగా ఎలా పెరుగుతోంది? దాని ఆకు చేదు, పైగా విషం. పశువులు సాధారణంగా దాన్ని ముట్టవు. జాతీయ రహదారుల మధ్య గన్నేరు నాటడానికి ఇదీ ఒక కారణమే. మొక్కను కాపాడే ఆ విషమే పెరట్లో తిరిగే కుక్కకు ప్రాణాంతకం కావచ్చు. ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కుక్క దేన్నైనా నోటితోనే పరీక్షిస్తుంది. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చే వయసులో కుక్కపిల్ల చెప్పును, చీపురును, చివరకు కర్రపుల్లను కూడా కొరుకుతుంది. గన్నేరు కొమ్మలు కత్తిరించి నేలమీద వదిలేస్తే అవి దానికి ఆటవస్తువులు. ఆకు ఎండినా విషం పోదు. పూలకొమ్మ పెట్టిన నీటిలోకి కూడా అది దిగుతుంది.

గన్నేరు గుండెను ఎలా దెబ్బతీస్తుంది?

గుండె కణాల పొరలో చిన్న ‘పంపులు’ ఉంటాయి. ఒక్కో పంపు ప్రతి విడతలో 3 సోడియం అయాన్లను బయటికి పంపి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఈ పంపును 1957లో వెల్లడించిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతి లభించింది. గన్నేరులోని ఒలియాండ్రిన్ ఈ పంపును ఆపుతుంది. అప్పుడు కణంలో సోడియం, దాని వెంట కాల్షియం పెరిగిపోయి, గుండె లయ తప్పుతుంది. కుక్క చొంగ కారుస్తుంది, వాంతులు చేసుకుంటుంది, నీరసించి కూలబడుతుంది. పచ్చగన్నేరు కూడా ఇలాగే పనిచేస్తుంది. దాని గింజ మరీ ప్రమాదకరం.

ఆముదం, సైకస్, డైఫెన్‌బాకియా

ఆముదం గింజలో రిసిన్ అనే ప్రోటీన్ ఉంది. గింజను నమిలినప్పుడు అది బయటపడి, కణాల్లో ప్రోటీన్ల తయారీని నిలిపివేస్తుంది. రిసిన్ నూనెలో కరగదు కాబట్టి నూనె తీశాక పిండిలోనే మిగులుతుంది. గులాబీలకు ఎరువుగా వేసే ఆముదపు పిండి వాసనకు కుక్కలు మట్టిని తవ్వి మరీ తింటాయి. లక్షణాలు కొన్ని గంటలకు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులకు గాని బయటపడవు. అందుకే ‘బాగానే ఉంది కదా’ అని మోసపోతాం.

అలంకరణకు పెంచే సైకస్‌లోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దాని గింజలు ఒకటి రెండు తిన్నా ప్రాణం పోవచ్చు. కుండీల్లో పెంచే డైఫెన్‌బాకియాది వేరే పద్ధతి. దాని ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నమిలిన వెంటనే అవి నాలుకలో గుచ్చుకుని నోరు వాస్తుంది. బాధ ఎక్కువే గాని, ప్రాణాపాయం అరుదు.

చూశారా! ‘విషపు మొక్క’ అనే ఒకే మాట కింద గుండె, కాలేయం, పేగులు, నోరు అన్నీ వేరువేరుగా దెబ్బతింటున్నాయి. కాబట్టి కుక్క ఏదైనా కొరికితే మూడు విషయాలు గమనించాలి. ఏ మొక్క, అందులో ఏ భాగం? ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది? కుక్క బరువు ఎంత? పది కిలోల కుక్క తట్టుకునే మోతాదు రెండు కిలోల పిల్లను చంపవచ్చు.

ఏం చేయాలి?

నోట్లో మిగిలిన ముక్కలను జాగ్రత్తగా తీసేయండి. కొరికిన కొమ్మను సంచిలో వేసుకుని వెంటనే పశువైద్యుని దగ్గరికి వెళ్లండి. లక్షణాలు కనిపించే వరకు ఆగవద్దు. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. ఉప్పు ఎక్కువైతే అదే మరో విషం. పాలు, నూనె పోయడం వల్లా మేలు లేదు. వాంతి చేయించాలా వద్దా అన్నది వైద్యుడే నిర్ణయించాలి.

గన్నేరును నరికేయనక్కర లేదు. కుక్క తిరిగేచోట గులాబి, మల్లె, అరెకా పామ్ పెంచుకోవచ్చు. గన్నేరు కత్తిరించిన రోజున మాత్రం ఒక్క ఆకైనా మిగలకుండా ఊడ్చి, చేతులు కడుక్కోవాలి. మనుషులకూ అది విషమే కదా!

మీరు చేయవలసిన పని: మీ ఇంటి పెరటి పటం గీసి, ప్రతి మొక్క పేరూ రాయండి. ఈ పాఠంలో చెప్పిన మొక్కలకు ఎర్రచుక్క పెట్టండి. వీధికుక్క పిల్లలు మీ గేటు దాటి వచ్చి పడుకునే చోటు కూడా గుర్తించండి. ఆ రెండింటి మధ్య దూరం ఎంత ఉందో కొలిచి చూడండి.