ముక్క కోసం ఆగాలా, డ్రాప్ కావాలా?

రమ్మీ అదృష్టమా, నేర్పా అన్న ప్రశ్న దిల్లీలోని సుప్రీంకోర్టుకు సికింద్రాబాద్ నుంచి వెళ్లింది. అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో 1967 నవంబరు 22న తీర్పు వచ్చింది. జస్టిస్ హిదయతుల్లా రాసిన ఆ తీర్పు ప్రకారం రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట. ఏ ముక్కలు పడ్డాయో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో తేల్చుకోవాలి. మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టమేనని అదే తీర్పు అంది. దీపావళి రోజుల్లో నోయిడా, గురుగ్రామ్ ఇళ్లలో జోరుగా సాగే తీన్ పత్తీ ఆ కోవలోదే.

కోర్టు చెప్పిన నేర్పు ఎక్కడుందో లెక్క వేసి చూడొచ్చు.

13 ముక్కల రమ్మీకి సాధారణంగా రెండు కట్టలు వాడతారు. రెండు ప్రింటెడ్ జోకర్లతో కలిపి 106 ముక్కలు. మీ చేతిలోని 13, తెరిచి పెట్టిన ఒకటి, జోకరుగా తిప్పిన ఒకటి తీసేస్తే మీకు కనిపించనివి 91. మీ దగ్గర ఆఠీను 5, 6 ఉన్నాయి, ప్యూర్ సీక్వెన్స్ కావాలి. అంటే జోకరు పనికిరాదు. 4 వచ్చినా 7 వచ్చినా సరే, ఒక్కోటి రెండేసి, మొత్తం నాలుగు ముక్కలు. అదే 5, 7 పట్టుకుని కూర్చుంటే 6 ఒక్కటే దిక్కు, ఉన్నవి రెండే. మూసిన ముక్కల్లోంచి ఐదుసార్లు తీసేలోపు మొదటి జత కుదిరే అవకాశం 20 శాతం పైచిలుకు. రెండోదానికి 11 శాతం కూడా లేదు.

కావలసిన ముక్క ఎదుటివాళ్ల చేతిలో ఉంటేనో? చాలామందికి వచ్చే సందేహమే ఇది. ఆ 91లో వాళ్ల ముక్కలు కూడా కలిసే ఉన్నాయి. ఏది ఎవరి దగ్గరుందో మీకు తెలియనంతవరకు ప్రతి ముక్కకూ సమాన అవకాశమే, కాబట్టి లెక్క మారదు. తెలిసిన క్షణం నుంచి మారుతుంది. ఒక 4, ఒక 7 ఇప్పటికే పడిపోయి కింద ఉండిపోతే మీ నాలుగు ముక్కలు రెండయ్యాయి. చూడ్డానికి బాగున్న జత మధ్యలో ఖాళీ ఉన్న జతతో సమానమైపోయింది. గుర్తుపెట్టుకోని ఆటగాడు ఇంకా 20 శాతమే అనుకుంటూ ఆగుతాడు.

అయితే అవకాశం ఎంతో తెలిసినంత మాత్రాన నిర్ణయం తేలదు. ఆగడానికి ఖర్చెంత అన్నది రెండో సగం. ఇది పోకర్‌లో సూటిగా కనిపిస్తుంది. ఒకే రంగువి నాలుగు ముక్కలు కుదిరాయి, అయిదోది రావాలి, తెరవాల్సింది ఇంకొక్క ముక్కే. కనిపించని 46లో పనికొచ్చేవి 9, అంటే 19.6 శాతం. మధ్యలో 100 రూపాయలున్నాయి, ఎదుటివాడు 50 కాశాడు. 150 కోసం మీరు 50 పెట్టాలి. మొత్తం 200లో మీ వంతు నాలుగో భాగం కాబట్టి కనీసం 25 శాతం అవకాశం ఉండాలి. లేదు, వదిలేయాలి. అతను 25 మాత్రమే కాసి ఉంటే? 150లో మీ వంతు 25, అంటే 16.7 శాతం చాలు. అవే ముక్కలు, అదే అవకాశం. ధర తగ్గేసరికి ఆడటమే సరైంది. 50 కాసినప్పుడు కూడా, ముక్క పడ్డాక అతని నుంచి సగటున మరో 56 రూపాయలు రాబట్టగలమనిపిస్తే ఆడొచ్చు. అతను అంత ఇస్తాడా లేదా అన్నది మనిషిని చదివే పని. సూత్రం సాయం చేయదు.

రమ్మీలో ఆ ధరే డ్రాప్. మొదట్లోనే తప్పుకుంటే సాధారణంగా 20 పాయింట్లు పోతాయి, మధ్యలో అయితే 40, పూర్తిగా ఓడితే 80 దాకా. ఇద్దరి ఆటలో గెలిస్తే సగటున 40 వస్తాయని, ఓడితే 50 పోతాయని అనుకుందాం. గెలిచే అవకాశం మూడింట ఒక వంతు దాటితే డ్రాప్ కన్నా ఆడటమే మేలని తేలుతుంది. అవకాశం 40 శాతమే ఉంటే సగటున 14 పాయింట్లు పోతాయి, నిజమే. కానీ డ్రాప్ అయితే పోయేవి 20. తక్కువ నష్టాన్ని ఎంచుకోవడం కూడా నేర్పే. నన్నడిగితే ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైన నేర్పు అదే.

ఇంత నేర్పున్నవాడు డబ్బు సంపాదిస్తాడా? మంచి నిర్ణయాల వల్ల ఆటకు సగటున 1 రూపాయి లాభం ఉందని, ఒక్కో ఆటలో ఫలితం 20 రూపాయల మేర అటూ ఇటూ ఊగుతుందని అనుకుందాం. లాభం ఆటల సంఖ్యతో పెరుగుతుంది, ఊగిసలాట దాని వర్గమూలంతో పెరుగుతుంది. 100 ఆటలకు లాభం 100, ఊగిసలాట 200. నేర్పు ఇంకా కనిపించదు. 400 ఆటలకు రెండూ సమానం. 10,000 ఆటలకు లాభం 10,000, ఊగిసలాట 2,000. ప్రయోగశాలలో పదేపదే కొలిచి సగటు తీసేది కూడా ఈ కారణంతోనే.

ఇప్పుడు ఆట నడిపేవాళ్లు ఒక్కో ఆటకు 2 రూపాయలు రుసుము తీసుకున్నారనుకోండి. లాభం కాస్తా రూపాయి నష్టమైంది. 100 ఆటల్లో ఇది కూడా కనిపించదు, గెలిచిన రోజులు బోలెడు ఉంటాయి. 10,000 ఆటలకు నష్టం దాదాపు ఖాయం. నేర్పు ఎక్కడికీ పోలేదు, రుసుము దాన్ని మించిపోయిందంతే. ఫోన్‌లో ఆట నిమిషాల్లో ముగుస్తుంది కాబట్టి ఆ పది వేలు చేరడానికి పట్టే కాలమూ తక్కువే.

1967 తీర్పులో అంతగా ప్రచారం కాని మాట ఒకటుంది. పందెం కాసి ఆడే ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే నేరం కావచ్చని కోర్టు అప్పుడే అంది. ఆన్‌లైన్ కంపెనీల వాదనల్లో ఎక్కువగా వినిపించింది నేర్పు గురించిన భాగమే. డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నేర్పా, అదృష్టమా అని అసలు అడగదు. డబ్బు కాసి డబ్బు గెలిచే ఆశతో ఆడేది ఏదైనా దానికి ఒకటే.